పెడచెవి

పిల్ల వెనక్కి తిరగలేదు. పోయినవారం భాగంలో మనం కౌన్సెలర్ గదిలోంచి బయటపడేసరికి చేతిలో మిగిలింది ఆ ఒక్క సంగతే.

ఈత టీచరూ, కార్ల షోరూమ్‌లో మేనేజరుగా పనిచేసే ఆమె భర్తా విడిపోయి ఏడాది దాటింది. ఐదేళ్ళ కూతురు ఎవరి దగ్గర పెరగాలన్నదే తెగని తగువు. నీళ్ళలో మూతి పెట్టి బుడగలు ఊదడం ఆ పిల్లకి మహా సరదా కాబట్టి కొలను దగ్గర అందరూ తనని బుడగ అనే పిలుస్తారు. ఆ రోజు ఫ్యామిలీ కోర్టు కౌన్సెలర్ గదిలో బుడగ చెక్కనేల మీద కూర్చుని చెక్కముక్కలతో మేడ కడుతోంది. ఎదురుగా నిలబడి పిలిస్తే పిల్ల మొహమాటపడుతుందనీ, వెనకనుంచి పిలిస్తేనే అసలు మనసు బయటపడుతుందనీ తండ్రి తరఫు వకీలు సలహా ఇచ్చాడు. కౌన్సెలర్‌కి అది సబబుగానే తోచింది. టీచర్ వెనక నిలబడి పిలిచింది. పిల్ల పలకలేదు. గొంతు పెంచి పిలిచింది. మేడ మీద ఇంకో ముక్క ఎక్కింది తప్ప తల తిరగలేదు. తర్వాత తండ్రి వంతు వచ్చింది. అతను పిలుస్తూ బరువుగా ఓ అడుగు ముందుకేశాడు. బుడగ గిరుక్కున తిరిగి అతన్ని చూసి నవ్వింది.

తల్లి మాట పెడచెవిన పెట్టడం ఈ పిల్లకి అలవాటైనట్టుందని కౌన్సెలర్ అందరికీ వినబడేలాగే అంది. చివరి మాట సోమవారం చెబుతానంది. ఆ సాయంత్రం టీచర్ ఇంటికొచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. ఆ పెద్దావిడ ఏమీ అనకుండా కూతురి తల నిమురుతూ కూర్చుంది.

ఇక శుక్రవారం పొద్దున.

బుడగకి వారంగా జలుబు. గురువారం మధ్యాహ్నం నుంచి జ్వరం తగులుకుంది. పాలు వద్దంది, గుడ్డు వద్దంది, అరచేత్తో కుడిచెవి మీద కొట్టుకుంటూ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. అంత ఏడ్చిన పిల్ల ఉన్నట్టుండి ఊరుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతే, గండం గడిచిందనుకుని టీచర్ కూడా పక్కనే ఒరిగింది. తెల్లారి కళ్ళు తెరిచేసరికి అమ్మమ్మ మంచం మీదికి వంగి పిల్ల తలకింది దిండు గలీబు లాగేస్తోంది.

"ఉతకడానికి వేస్తున్నా. నిద్రలో చొంగ కార్చుకుంది" అంది అమ్మమ్మ.

టీచర్ గలీబు అందుకుని చూసింది. పచ్చటి మరక, మధ్యలో ఎర్రటి జీర. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన గుప్పుమంది. పిల్ల తల పక్కకి తిప్పి చూస్తే చెవి తమ్మె దాకా అదే మరక ఎండి అట్టకట్టి ఉంది.

"చొంగ చెవిలోంచి కారుతుందా అమ్మా" అంది టీచర్.

అమ్మమ్మ గలీబు వైపు చూడలేదు. చిన్నపిల్లలకి చెవి కారడం కొత్తేమీ కాదనీ, దూది పెడితే తగ్గుతుందనీ, సోమవారం కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళు శుక్రవారం డాక్టరు చుట్టూ తిరిగితే అవతలివాళ్ళ చేతికి కర్ర ఇచ్చినట్టేననీ ఒక్క ఊపులో చెప్పేసింది. మామూలుగా అయితే ఆ మాట టీచర్‌కి నచ్చేదే. అవతలివాళ్ళకి సందివ్వకుండా ఉండటం ఆమె ఏడాదిగా చేస్తున్న పని. కానీ ఆ వాసన ఆమె ముక్కులోనే ఉండిపోయింది. పిల్ల చెవిలో దూది పెట్టి, స్వెట్టర్ తొడిగి, కొలనుకి రానని ఫోన్ చేసి చెప్పి, చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించడానికి వెళ్తున్నానని భర్తకి ఓ మెసేజ్ పెట్టింది. పిల్లని ఏ డాక్టరుకి చూపించినా రెండో మనిషికి చెప్పాలన్నది కౌన్సెలర్ పెట్టిన షరతు.

అమ్మమ్మని రమ్మంటే మోకాలు పట్టేసిందంది.

డాక్టరు గది బయట బెంచీల మీద పిల్లలు, వాళ్ళ తల్లులు. గోడవారగా చేపల తొట్టి. బుడగ దాని అద్దానికి ముక్కు ఆనించి చేపలతో పాటు నోరు తెరుస్తూ మూస్తూ నిలబడింది. జ్వరం దిగింది, నొప్పి పోయింది, పిల్ల మొహంలో కాస్త కళ కూడా వచ్చింది. ఇదంతా అనవసరపు హడావుడేమోనని టీచర్‌కి అనిపించసాగింది. అప్పుడే తలుపు తోసుకుని భర్త వచ్చాడు. వెనకే అతని అక్క.

టీచర్‌కి ఆ ఆడపడుచంటే పెళ్ళయిన కొత్తల్లో భయం, తర్వాత కోపం, ఇప్పుడు రెండూ. ఆవిడ ఏ గదిలోకి వచ్చినా అందులో లోపమేమిటో వెతుకుతున్నట్టే వస్తుంది. ఈసారి వెతకాల్సిన పని కూడా లేకపోయింది. పిల్లని ఎత్తుకుని, చెవిలోని దూది చూసి, తమ్ముడి వైపు తిరిగి, నేను చెప్పలేదూ అన్నట్టు తలాడించింది.

భర్త గొంతు పెంచలేదు. అతని అలవాటే అంత. షోరూమ్‌లో కారు అమ్ముతున్నంత మెత్తగా, పక్కబెంచీవాళ్ళందరికీ వినబడేంత నింపాదిగా మాట్లాడాడు. ఏడాది నిండని పిల్లని నీళ్ళలో దించావన్నాడు. చలికాలమని చూడలేదు, జలుబని చూడలేదు, మందు కలిపిన ఆ నీళ్ళలో రోజూ ముంచి తేల్చావన్నాడు. ఇప్పుడు చెవుల్లో చీము. ఇదంతా సోమవారం చెప్పాల్సి వస్తుందన్నాడు.

"జలుబున్న రోజు దాన్ని నీళ్ళ దగ్గరికి కూడా రానివ్వను. నీకు తెలుసు" అంది టీచర్.

"నాకేం తెలుసు? నువ్వు చెప్పేదొకటి, చేసేదొకటి."

"తల్లి చేతిలో ఉన్న పిల్లకి చెవి కారేదాకా తెలియలేదంటే ఇంకేం మాట్లాడతాం" అంది ఆడపడుచు. అని ఊరుకోలేదు. పిల్ల మొండితనం సంగతి ఎత్తింది. తన ఇంటికి వచ్చినప్పుడు పిలిస్తే పలకదనీ, చెప్పిన పని చెయ్యదనీ, బొమ్మల ముందు కూర్చుంటే పక్కన పిడుగు పడ్డా లేవదనీ, తల్లి గారాబం చేసి పాడుచేసిందనీ బెంచీలకంతటికీ తెలియజేసింది. ఓ తల్లి తన పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుని ఫోన్‌లోకి తలదూర్చింది.

టీచర్ జవాబు వెతుక్కుంటుండగానే లోపలినుంచి పిలుపు వచ్చింది.

డాక్టరు నడివయసు మనిషి. నెరిసిన జుట్టు మగవాళ్ళలా కత్తిరించుకుంది. అనవసరంగా నవ్వదు. ముగ్గురు పెద్దవాళ్ళు ఒక పిల్లతో లోపలికి రావడం చూసి కుర్చీలు రెండే ఉన్నాయని చెప్పి, పిల్లని టీచర్ ఒళ్ళో కూర్చోబెట్టమంది. పిల్ల గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకోగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఈ పాపని నేను ఇదివరకే చూశాను" అంది. "మళ్ళీ తీసుకురమ్మంటే ఇన్నాళ్ళకా తీసుకొచ్చేది?"

టీచర్‌కి ముందు అర్థం కాలేదు. వేరే పిల్ల అయి ఉంటుందంది. డాక్టరు తల అడ్డంగా ఊపింది. చేపల తొట్టికి ముక్కు ఆనించి లోపలికి రానని పేచీ పెట్టిన పిల్లని మర్చిపోయే ప్రశ్నే లేదంది. ముందు చెవి చూడనివ్వమంది.

సన్నటి లైటున్న పరికరం పెట్టి కుడిచెవి చూసింది, చీము తుడిచి మళ్ళీ చూసింది. ఎడమచెవి చూస్తున్నప్పుడు బుడగ తల్లి వేలు గట్టిగా పట్టుకుంది. తర్వాత డాక్టరు ఓ పని చేసింది. పిల్లని నేలమీద నిలబెట్టి చేతికి రంగుల పుస్తకం ఇచ్చింది. తాను వెనక్కి వెళ్ళి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో పిలిచింది. బుడగ పేజీ తిప్పింది. ఇంకా గట్టిగా పిలిచింది. పిల్ల పుస్తకంలోని ఏనుగు మీద వేలు పెట్టి చూస్తోంది. అప్పుడు డాక్టరు పిలవకుండా, మాట్లాడకుండా, కాలితో నేలని ఒక్క తాపు తన్నింది. బుడగ గిరుక్కున తిరిగి నవ్వింది.

టీచర్‌కి కౌన్సెలర్ గదిలోని చెక్కనేల కళ్ళముందు కదిలింది. దానిమీద బరువుగా పడిన ఒక అడుగు కూడా. ఆమె తల వంచి భర్త బూట్ల వైపు చూసింది. అతను పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"పాపకి మాట వినబడటం లేదు" అంది డాక్టరు. "అస్సలు వినబడకపోవడం కాదు. నీళ్ళలో మునిగి ఉన్న మనిషికి ఒడ్డునున్నవాళ్ళ మాట ఎలా వినబడుతుందో అలా. మొహం కనిపిస్తే మీ పెదవులు చూసి, చేతులు చూసి సగం పట్టేస్తుంది. తెలివైన పిల్ల. అందుకే ఎవరికీ తెలియలేదు."

కొలను దగ్గర గోలలో మాట వినబడదు కాబట్టి ఆమె పిల్లలందరికీ చేతి సైగలతోనే ఈత నేర్పుతుంది. చెయ్యి ఎత్తితే ఆగాలి, తిప్పితే వెనక్కి రావాలి. అందరికన్నా ముందు సైగ అందుకునేది బుడగే. దాన్ని చూపించి మిగతా పిల్లలకి, చూసి నేర్చుకోండి అని ఎన్నిసార్లు మురిసిపోయిందో.

డాక్టరు విప్పి చెప్పింది. కర్ణభేరి వెనక ఒక చిన్న గది ఉంటుంది. ఆ గదికి గాలి ముక్కు వెనకనుంచి ఒక సన్నటి గొట్టం గుండా వస్తుంది. పిల్లల్లో ఆ గొట్టం పొట్టిగా, పడుకున్నట్టుగా ఉంటుంది. జలుబు చేసినప్పుడల్లా అది మూసుకుపోయి, గదిలో నీరు చేరి, నిలవుండి బంకలా తయారవుతుంది. ఈ పిల్లకి రెండు చెవుల్లోనూ అదే జరిగింది, నెలల తరబడి ఉంది. నిన్న ఆ నీటికి చీము పట్టి కుడిచెవి భేరి పగిలింది. పగలగానే ఒత్తిడి తగ్గి నొప్పి పోయింది, అందుకే పిల్ల నిద్రపోయింది.

"కొలనులో నీళ్ళ వల్లే కదండీ ఇదంతా" అన్నాడు భర్త.

"కాదు" అంది డాక్టరు. "భేరి పగలనంతవరకూ బయటి నీళ్ళు ఆ గదిలోకి పోవు. ఇప్పుడు పగిలింది కాబట్టి మానేదాకా నీళ్ళు తగలకూడదు, అది వేరే సంగతి. మీలో సిగరెట్ కాల్చేదెవరు?"

అతని కోటు నుంచి ఆ వాసన గది అంతా పరుచుకుని ఉంది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పిల్ల ఉన్న ఇంట్లో, పిల్ల ఎక్కే కారులో ఆ పొగ ఉంటే ఇలాంటి చెవిపోట్లు పదేపదే తిరగబెడతాయని డాక్టరు నిష్టూరమేమీ లేకుండా చెప్పింది. మెత్తటి మనిషి మొహం మొదటిసారి గట్టిపడింది.

ఆ తర్వాత చెప్పిన మాట అసలు పిడుగు లాంటిది. ఎడమచెవి భేరి కూడా ఉబ్బి ఉంది. చీము వెనకనున్న ఎముకలోకి పాకితే పరిస్థితి చెయ్యిదాటుతుంది. రేపు పొద్దున్నే మత్తిచ్చి, భేరికి చిన్న గాటు పెట్టి, చీమూ బంకా లాగేసి, మళ్ళీ నిండకుండా ఆవగింజంత గొట్టం అమరుస్తానంది. నీరు పోయిన వెంటనే వినికిడి చాలావరకు తిరిగొస్తుందని కూడా చెప్పింది. కానీ పిల్ల విషయంలో తగువు నడుస్తోందని తెలిసింది కాబట్టి తల్లీతండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలంది.

"నేనిప్పుడే పెడతాను" అంది టీచర్.

భర్త మాత్రం ఆలోచించుకోవాలన్నాడు. ఇంకో డాక్టరుని కూడా అడిగి చూస్తానన్నాడు. టీచర్ అతనితో వాదించలేదు. ఆమె మనసు ఇంకోచోట ఉంది. కుర్చీ తిప్పుకుని ఆడపడుచుకి ఎదురుగా కూర్చుంది.

"దీన్ని ఇక్కడికి తీసుకొచ్చింది మీరేగా వదినా" అంది. "చెవుల సంగతి తెలిసీ దాచారు. తెలిసే దాన్ని ఆ గదిలో నాకు వీపు పెట్టించి కూర్చోబెట్టారు. పిల్ల తల్లి మాట వినదని అందరిచేతా అనిపించారు. ఇంకా ఏ మొహం పెట్టుకుని ఇక్కడ నిలబడ్డారు?"

ఆడపడుచు నోరు తెరిచేలోగా డాక్టరు కల్పించుకుంది.

"ఈవిడ కాదు. తెచ్చినావిడ పెద్దావిడ. అమ్మమ్మనని చెప్పింది. రెండు చేతులూ నీళ్ళలో నాని నాని పాలిపోయినట్టున్నాయి, అందుకే గుర్తుంది. వినికిడి బాగా తగ్గిందని, మందులు వాడి మళ్ళీ చూపించమని, స్కూల్లో ముందు వరసలో కూర్చోబెట్టమని అన్నీ చెప్పాను. వాళ్ళమ్మకి చెబుతానంది."

తనని పెంచడానికి హాస్టల్లో దుప్పట్లు ఉతికి ఉతికి అలా అయిన చేతులు టీచర్‌కి తెలియనివి కావు. మొన్న తన తల నిమిరింది ఆ చేతులే.

ఆడపడుచు టీచర్ మీదికి తిరిగింది. "నీ ఇంట్లో దొంగని పెట్టుకుని నా జేబులు తడుముతున్నావా" అంది. అంటూనే ఆవిడ కళ్ళు పిల్ల మీదికి పోయాయి. బుడగ వీళ్ళందరి పెదవులూ ఒకరి తర్వాత ఒకరివి చూస్తూ నిలబడింది. ఆడపడుచు పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరికి చెబుతోందో తెలియనట్టు, "పిలిస్తే పలకలేదని ఓసారి దీన్ని కొట్టాను" అంది. తమ్ముడు ఆవిడ మోచెయ్యి పట్టి లేవదీసి, ఇక్కడ ఇంక పనేమీ లేదని బయటికి నడిపించాడు.

టీచర్ ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. మందు పడి బుడగ దారిలోనే నిద్రపోయింది. పిల్లని పడుకోబెట్టి, తలుపు జారవేసి, వంటగదిలోకి వచ్చింది. అమ్మమ్మ బల్ల ముందు కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. కూతురి మొహం చూసి ఒలవడం ఆపలేదు గానీ గింజలు గిన్నెలో పడకుండా బల్లమీద దొర్లాయి.

డాక్టరు అన్నీ చెప్పిందని టీచర్ అంది. అబద్ధం ఆడటానికి అమ్మమ్మ ప్రయత్నించలేదు. చెవి పగిలిందా అని మాత్రం అడిగింది. పగిలిందంటే కాసేపు కళ్ళు మూసుకుంది. పిల్ల చెవిపోటని ఏడిస్తే కూతురు కొలనులో ఉన్నప్పుడు తానే తీసుకెళ్ళానంది. ఇచ్చిన మందు ఒక్క పూట తప్పకుండా తాగించానంది. నొప్పి తగ్గాక రెండోసారి తీసుకెళ్ళలేదంది.

"ఎందుకు తీసుకెళ్ళలేదు? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ పిల్ల నీకే వచ్చేది కాబట్టి."

టీచర్ కుర్చీ వెనకభాగం పట్టుకుంది. కూర్చోలేదు.

అమ్మమ్మ తడబడకుండా మాట్లాడింది. ఎన్నాళ్ళనుంచో లోపల వరస పెట్టుకున్న మాటల్లా ఉన్నాయి. పెద్ద ఊళ్ళో ఈత పోటీలకి పిల్లల్ని తయారుచేసే ఉద్యోగం వస్తే పిల్ల చిన్నదని నువ్వు వద్దన్నావు, నేను పక్కగదిలోంచి విన్నానంది. ఆ ఫోన్ పెట్టేశాక నీ మొహం చూశానంది. ఆ మొహం తనకి తెలుసంది. మీ నాన్న వెళ్ళిపోయినప్పుడు నీకూ ఈ పిల్లంత వయసేనంది. ఆ రోజుల్లో నాటకాల కంపెనీకి బట్టలు కుట్టే ఒకతను తనని పెళ్ళి చేసుకుంటానన్నాడనీ, కంపెనీతో పాటు ఊళ్ళు తిరగాలి, నిన్ను నా చెల్లెలి దగ్గర ఉంచమన్నాడనీ చెప్పింది. ఈ సంగతి టీచర్ ఇంతవరకు వినలేదు.

"నిన్ను వదల్లేక ఆగిపోయాను" అంది అమ్మమ్మ. "మంచిపని చేశావని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒక్కరోజు కూడా అలా అనిపించలేదు. దుప్పటి పిండిన ప్రతిసారీ అతను ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాడో అనుకునేదాన్ని. నువ్వు స్కూలు నుంచి వచ్చి అమ్మా అని పిలిస్తే, ఓ నిమిషం పలకబుద్ధయ్యేది కాదు."

"అంటే నేను నీకు బరువు."

"అవును" అంది అమ్మమ్మ. "బరువే. ప్రేమ లేదని కాదు. రెండూ ఒకేసారి మోశాను. నీకు అది వద్దనుకున్నాను. వాళ్ళకి ఇల్లుంది, మనుషులున్నారు. పిల్ల అక్కడ పెరిగితే దానికేమీ తక్కువ కాదు. సోమవారం అయ్యాక ఎవరి దగ్గరున్నా చెవులు బాగుచేయించొచ్చు అనుకున్నాను."

టీచర్ బల్లమీద దొర్లిన గింజల్ని ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసింది. చేతులకి ఏదో పని లేకపోతే ఏం చేస్తాయో ఆమెకే తెలియలేదు.

"ఆ రోజు నేను నీ ఒళ్ళో పడుకుని ఏడ్చాను" అంది చివరికి. "నా పిల్ల నేను పిలిస్తే పలకలేదమ్మా, దానికి నేనంటే ఇష్టం లేదమ్మా అని ఏడ్చాను. నువ్వు నా తల నిమిరావు. దానికి వినబడదని నీకు తెలుసు. తెలిసి నిమిరావు."

అమ్మమ్మ చేతిలోని బఠాణీకాయ పక్కన పెట్టేసింది.

"నీ బతుకు నా వల్ల పాడైందన్నావు. సరే. ఆ లెక్క నువ్వూ నేనూ చూసుకోవాలి. దాన్ని నా కూతురి చెవుల మీద తీర్చుకుంటావా? స్కూల్లో దాన్ని మూలన నిలబెట్టారు. మొండిదన్నారు. వాళ్ళత్త చెయ్యి చేసుకుంది. అది నీళ్ళ అడుగునుంచి మనందరి మొహాలూ చూస్తూ, ఎందుకు తిడుతున్నారో తెలియక నవ్వుతూ ఉంది. నువ్వు చూస్తూ కూర్చున్నావు."

"నొప్పెడితే నేనే ఎత్తుకు తిరిగాను" అంది అమ్మమ్మ సన్నగా.

"సోమవారం నాతో వస్తావు. ఇప్పుడు నాకు చెప్పిందంతా కౌన్సెలర్ ముందు చెబుతావు. తర్వాత నీ బట్టలు సర్దుకుని నీ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపో. నీ మొహం చూస్తూ ఈ ఇంట్లో నేను ఉండలేను."

అమ్మమ్మ తల ఊపింది. ఒప్పుకున్నట్టో, విన్నట్టో తెలియలేదు. వస్తానని గానీ రానని గానీ అనలేదు. టీచర్ గుమ్మందాకా వెళ్ళి ఆగింది. డాక్టరు గదిలో కుర్చీ కిందికి జరిగిన ఆ బూట్లు మళ్ళీ గుర్తొచ్చాయి.

"ఇంకెవరికి చెప్పావు ఈ సంగతి?"

"ఎవరికీ చెప్పలేదు."

"నిజం చెప్పు."

"ఎవరికీ చెప్పలేదన్నానుగా" అంది అమ్మమ్మ. ఈసారి మాత్రం కూతురి కళ్ళలోకి చూడలేదు.

బఠాణీ తొక్కల కింద ఏదో గుర్రుమంది. అమ్మమ్మ ఫోన్. ఆమె గబుక్కున చెయ్యి చాపింది గానీ ఒలిచి ఒలిచి తడిసిన వేళ్ళలోంచి అది జారి బల్ల అంచుదాకా వచ్చింది. టీచర్ పట్టుకుంది. అద్దం మీద 'అల్లుడు' అని వెలుగుతోంది. అమ్మమ్మ లేచి నిలబడి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. టీచర్ ఫోన్ ఎత్తి చెవికి ఆనించుకుంది. ఏమీ మాట్లాడలేదు.

"అత్తయ్యా, నేనే" అంది అవతలినుంచి ఆ మెత్తటి గొంతు. "ఆ డాక్టరు మీ సంగతి బయటపెట్టేసింది, నా చేతుల్లో లేకపోయింది. మిమ్మల్ని ఎన్ని మాటలన్నా పడండి. నా పేరు మాత్రం ఎత్తకండి. చెవుల గురించి మీరు నాకు ముందే చెప్పారని తెలిస్తే మొత్తం తిరగబడుతుంది. ఇంకోటి, ఆ ఆపరేషన్‌కి నేను సోమవారం దాకా సంతకం పెట్టను. రేపు చేసేస్తే పిల్లకి వినబడుతుంది. వినబడితే వాళ్ళమ్మ పిలవగానే తిరుగుతుంది. రెండు రోజులకి ఏం కాదులెండి, నొప్పికి ఏదో ఒక మందు పోస్తూ ఉండండి."

టీచర్ తల్లి వైపు చూసింది. అమ్మమ్మ బల్ల పట్టుకుని మెల్లగా కుర్చీలోకి కూలబడింది. పక్కగదిలో బుడగ నిద్రలో కదిలి, ఎడమచెవి మీద చెయ్యి పెట్టుకుని మూలగడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా? వినబడుతోందా?"

"వినబడుతోంది" అంది టీచర్. "చెప్పు."